ఫ్రెంచ్ షాతోలో అతిథి గదులు నడపాలంటే: తరచుగా అడిగే ప్రశ్నలు

ల్వార్ లోయలోనో, దొర్దోన్యులోనో, నార్మండీలోనో ఒక పాత షాతో (కోటలాంటి పెద్ద భవంతి) కొని, నాలుగు గదులు అతిథులకిచ్చి, ఆ డబ్బుతో పైకప్పు బాగుచేయించుకోవాలని చాలామంది అనుకుంటారు. ఇంటి సైజును చూసి రూల్స్ కూడా భారీగా ఉంటాయని భయపడతారు. నిజానికి చట్టం చూసేది ఇంటి సైజు కాదు, 5, 15 అనే రెండు అంకెలను. ఆ రెండూ దాటనంతకాలం పని తేలికే. తెలియకుండా దాటినవాళ్లకే కష్టాలు. కింద ఇచ్చిన పన్ను అంకెలు 2025 నాటివి.

షాంబ్ర్ దోత్ అంటే చట్టం ప్రకారం ఏమిటి?

సొంత ఇంట్లో, సామాను అమర్చిన గదులను టూరిస్టులకు రోజుల లెక్కన ఇవ్వడం. ఫ్రాన్స్ టూరిజం కోడ్‌లో దీని నిర్వచనం ఉంది. గరిష్ఠంగా 5 గదులు, ఒకే సమయంలో 15 మంది. అద్దెలోనే రాత్రి బస, ఉదయం టిఫిను, దుప్పట్లు, తువ్వాళ్లు కలిసి ఉండాలి. ప్రతి గదికీ స్నానాల గది, టాయిలెట్ అందుబాటులో ఉండాలి. గదినీ స్నానాల గదినీ రోజూ శుభ్రం చేయాలి, దానికి విడిగా డబ్బు తీసుకోకూడదు. అతిథులను ఇంటివాళ్లే స్వయంగా ఆహ్వానించాలి. వీటిలో ఒక్కటి తగ్గినా అది షాంబ్ర్ దోత్ కాదు. టిఫిను పెట్టకుండా తాళాలు ఇచ్చి పంపేస్తే అది వేరే రకం అద్దె కిందికి వెళ్తుంది, దాని పన్నులూ వేరు.

గది వైశాల్యం కనీసం 9 చదరపు మీటర్లు, పైకప్పు ఎత్తు 2.20 మీటర్లు అన్నది అందరూ పాటించే కొలత. షాతోలో పెద్ద గదులకు ఈ చిక్కు రాదు. అటక కింద పనివాళ్ల కోసం కట్టిన చిన్న గదుల దగ్గరే వస్తుంది. వాలుగా ఉన్న పైకప్పు కింద నిలబడలేని భాగాన్ని లెక్కలో కలపకండి.

ఇంట్లో 14 పడకగదులున్నాయి. అయిదే ఇవ్వాలా?

షాంబ్ర్ దోత్‌గా అయితే అయిదే. మిగతావి మీ కుటుంబానివి. 15 మందిలో పిల్లలు కూడా లెక్కే. ఒక్కో గదికి ముగ్గురు చొప్పున అయిదు గదులతోనే కోటా నిండిపోతుంది. బుకింగ్ సైటులో సోఫా కమ్ బెడ్లు కూడా కలిపి "18 మంది వరకు" అని రాసుకుంటారు కొందరు. తనిఖీకి వచ్చిన అధికారి ముందు చూసేది ఆ ప్రకటననే. మీరు మునిసిపాలిటీకి ఇచ్చిన ఫారంలో 15 అని ఉండి, సైటులో 18 అని ఉంటే ఇక వాదించడానికి ఏమీ మిగలదు.

ఆరో గది కూడా ఇవ్వాలనుకుంటే దారి హోటల్ వైపే. హోటల్‌గా నక్షత్రాల గుర్తింపు అడగడానికి కనీసం 6 గదులు కావాలి. అప్పుడు అగ్నిభద్రత, దివ్యాంగులకు ప్రవేశ సౌకర్యం, వ్యాపార నమోదు అన్నీ మరో స్థాయికి వెళ్తాయి. ఆరు గదుల హోటల్ లెక్క చాలాసార్లు గిట్టదు. నడపాలనుకుంటే పన్నెండో పదిహేనో గదులతో నడపాలి, లేదంటే అయిదు దగ్గర ఆగిపోవాలి.

యజమాని అక్కడే ఉండాలా? మేనేజరును పెట్టి పారిస్‌లో ఉండొచ్చా?

కుదరదు. "నివాసి ఇంట్లో" అన్నదే ఈ పద్ధతికి పునాది. గదులు ప్రధాన భవనంలోనే ఉండక్కర్లేదు, అదే ఆవరణలో పక్క భవనంలో ఉన్నా ఫరవాలేదు. కానీ ఆవరణలో మీ నివాసం ఉండాలి, అతిథిని మీరు పలకరించాలి. పనిమనిషినీ వంటమనిషినీ పెట్టుకోవచ్చు. అద్దెకున్నవాళ్లు కూడా ఇంటి యజమాని ఒప్పుకుంటే నడపవచ్చు.

మొదట ఏ కాగితం పెట్టాలి?

మేరీలో, అంటే ఊరి మునిసిపల్ ఆఫీసులో, సెర్ఫా 13566 అనే ఫారం. మొదటి అతిథి రాకముందే ఇవ్వాలి. అందులో అడిగేవి మీ పేరు, నివాస చిరునామా, గదుల సంఖ్య, ఒకేసారి ఎంతమంది ఉండగలరు, ఏ నెలల్లో అద్దెకిస్తారు అన్నవి మాత్రమే. ఆన్‌లైన్‌లోనో, రిజిస్టర్డ్ పోస్టులోనో, స్వయంగా వెళ్లో ఇచ్చి రసీదు తీసుకోండి. ఆ రసీదు జాగ్రత్త, బీమా కంపెనీ నుంచి బ్యాంకు దాకా అందరూ అడుగుతారు. ఫారం ఇవ్వకుండా నడిపితే 450 యూరోల దాకా జరిమానా. గదుల సంఖ్య మారినా మళ్లీ తెలియజేయాలి.

రెండోది వ్యాపార నమోదు. 2023 జనవరి 1 నుంచి ఇదంతా ఐ.ఎన్‌.పి.ఐ. అనే ప్రభుత్వ సంస్థ నడిపే ఒకే ఆన్‌లైన్ కౌంటరు ద్వారా జరుగుతుంది. అక్కడే మీ సంస్థకు సిరెట్ అనే గుర్తింపు నంబరు వస్తుంది. మూడోది బీమా. మామూలు ఇంటి పాలసీ డబ్బిచ్చి ఉండే అతిథికి వర్తించదు. అతిథి మెట్ల మీద జారిపడ్డా, భోజనం వికటించినా, సామాను పోయినా వర్తించేలా వృత్తిపరమైన బాధ్యతా పాలసీ రాయించుకోండి.

15 మంది దాటితే ఏమవుతుంది?

ఇల్లు ఇక ఇల్లు కాదు. "ఎ.ఎర్.పే." అవుతుంది, అంటే జనం వచ్చిపోయే సంస్థ. చిన్న వాటికి అయిదో తరగతి వర్తిస్తుంది. అయితే జనం రాత్రి నిద్రపోయే చోట్లకు ఆ తరగతిలోనే నిబంధనలు గట్టిగా ఉంటాయి. గదుల్లోనూ వరండాల్లోనూ పొగను పసిగట్టి మొత్తం భవనంలో గంట మోగించే ఎ-తరగతి అలారం వ్యవస్థ, అత్యవసర లైట్లు, నిప్పును కొంతసేపు ఆపగలిగే తలుపులు, మెట్లను మిగతా భవనం నుంచి వేరు చేసే గోడలు, భద్రతా రిజిస్టరు, అయిదేళ్లకోసారి భద్రతా సంఘం తనిఖీ ఉంటాయి.

షాతోలో అసలు తలనొప్పి నడిమధ్య ఉండే మెట్లు. కింది హాలు నుంచి పై అంతస్తు దాకా తెరిచి ఉన్న చెక్క మెట్లు చూడటానికి ఎంత అందంగా ఉంటాయో, మంటలొస్తే పొగను అంత వేగంగా పైకి లాక్కెళ్తాయి. వాటిని మూయమని భద్రతా సంఘం అంటుంది. చారిత్రక కట్టడం కాబట్టి ముట్టుకోవద్దని సంస్కృతి శాఖ అంటుంది. ఇద్దరి మధ్యా ఆర్కిటెక్టు ఏడాది పాటు ఉత్తరాలు రాస్తూ కూర్చోవాలి. అందుకే 15 దగ్గర ఆగడం చాలామందికి తెలివైన నిర్ణయం.

మరో సంగతి: అయిదు గదుల షాంబ్ర్ దోత్, అదే భవనం పై అంతస్తులో ఒక జీత్ (వంటగదితో సహా మొత్తంగా అద్దెకిచ్చే ఇల్లు) అని విడివిడిగా కాగితాలు పెట్టినంత మాత్రాన మంటలకు ఆ విభజన తెలియదు. అగ్నిభద్రత చూసేవాళ్లు భవనం మొత్తంలో ఎంతమంది పడుకుంటారని అడుగుతారు.

15 లోపే ఉంటే అగ్నిభద్రత ఏమీ అక్కర్లేదా?

మామూలు ఇంటికి వర్తించేవే వర్తిస్తాయి. ఎన్‌.ఎఫ్. ఇ.ఎన్. 14604 ప్రమాణం ఉన్న పొగ అలారం 2015 మార్చి 8 నుంచి ప్రతి ఇంటికీ తప్పనిసరి. చట్టం ఒకటి చాలంటుంది. మూడంతస్తుల రాతి గోడల ఇంట్లో కింద మోగినది పైన వినబడదు, కాబట్టి అంతస్తుకొకటి పెట్టి, ఒకటి మోగితే అన్నీ మోగేలా కలపండి. పొగగొట్టాలు తుడిపించి ఆ సర్టిఫికెట్ ఫైల్లో పెట్టండి. అగ్నిప్రమాదం జరిగితే బీమా కంపెనీ మొదట అడిగేది అదే.

ఆవరణలోని పాత గుర్రపుశాలను అద్దెకిస్తే?

వంటగదితో సహా మొత్తం అతిథికే అప్పగిస్తే అది జీత్, చట్టం భాషలో టూరిస్టులకిచ్చే అమర్చిన ఇల్లు. షాంబ్ర్ దోత్ అయిదు గదుల లెక్కలో అది రాదు, దాని నమోదు వేరు. 2024 నవంబరు 19 నాటి చట్టం వీటిని బిగించింది. 2026 మే 20 కల్లా దేశమంతటా ఆన్‌లైన్ నమోదు, ప్రకటనలో నంబరు తప్పనిసరి చేసింది. నమోదు లేకుండా ఇస్తే 10,000 యూరోల దాకా, తప్పుడు వివరాలిస్తే 20,000 దాకా జరిమానా.

కట్టడానికి సంబంధించిన అనుమతి ఇంకో సంగతి. సొంత నివాసంలో అయిదు గదుల లోపు ఇస్తే భవన వినియోగం మారినట్టు కాదు, అది ఇల్లుగానే లెక్క. పశువుల కొట్టాన్నో ధాన్యపు కొట్టునో నివాసంగా మారిస్తే మాత్రం వినియోగం మారినట్టే. షాతోలు చాలావరకు ఊరి భూవినియోగ ప్లానులో వ్యవసాయ మండలంలోనో ప్రకృతి మండలంలోనో పడతాయి. అక్కడ ప్లానులో పేరుపెట్టి గుర్తించిన భవనాలనే మార్చనిస్తారు, దానికి జిల్లా స్థాయి కమిషన్ సమ్మతి కూడా కావాలి. కొనేముందే మేరీకి వెళ్లి ఆ కొట్టం ప్లానులో గుర్తించి ఉందో లేదో చూసుకోండి. ఏజెంటు నోటిమాట నమ్మితే చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టవుతుంది.

షాతో చారిత్రక కట్టడమైతే?

రెండు స్థాయిలున్నాయి: "క్లాసే", "ఆంస్క్రి". మొదటిది కఠినం. క్లాసే భవనంలో గోడ కొట్టాలన్నా, స్నానాల గది పైపు వేయాలన్నా ప్రాంతీయ సంస్కృతి శాఖ అనుమతి ముందుగా తీసుకోవాలి. ఆంస్క్రి భవనానికి కూడా ఆ శాఖ సమ్మతి కావాలి, పర్మిట్ అవసరం లేని పనులనైనా నాలుగు నెలల ముందు తెలపాలి. రక్షణ పరిధి భవనం మొత్తానికి ఉందో, ముఖభాగానికీ పైకప్పుకూ ఒక ప్రత్యేక గదికీ మాత్రమే ఉందో ఉత్తర్వులో రాసి ఉంటుంది. ఆ ఉత్తర్వు ప్రతిని సంపాదించి లైను లైనూ చదవండి. అయిదు స్నానాల గదులు ఎక్కడ కట్టుకోవచ్చో దాన్ని బట్టే తేలుతుంది.

మీ ఇంటికి ఏ రక్షణా లేకపోయినా 500 మీటర్లలోపు రక్షిత చర్చి ఉంటే కిటికీలు మార్చడానికి కూడా ప్రభుత్వ వారసత్వ ఆర్కిటెక్టు అభిప్రాయం కావాలి. మామూలుగా నెల పట్టే దరఖాస్తు రెండు నెలలవుతుంది. ప్లాస్టిక్ కిటికీలు పెట్టించేసి తర్వాత అడుగుదాంలే అనుకుంటే, వాటిని పీకి చెక్కవి పెట్టమంటారు.

మురుగునీటి వ్యవస్థ సంగతి?

కొనేవాళ్లు తక్కువ పట్టించుకునేదీ, బిల్లు తడిసి మోపెడయ్యేదీ ఇదే. పల్లెల్లోని షాతోలకు ఊరి డ్రైనేజీ ఉండదు. "స్పాంక్" అనే స్థానిక విభాగం సెప్టిక్ ట్యాంకులను తనిఖీ చేస్తుంది. ఇల్లు అమ్మేటప్పుడు మూడేళ్లలోపు నివేదిక జతచేయాలి. లోపం ఉంటే కొన్నవాళ్లు ఏడాదిలోగా బాగుచేయించాలి.

మామూలు ఇంటికి ట్యాంకు లెక్క గదులను బట్టి: 5 ప్రధాన గదుల వరకు 3 ఘనమీటర్లు, ఆపై ప్రతి గదికీ ఇంకో ఘనమీటరు. ప్రధాన గదులంటే పడకగదులు, హాలు, భోజనాల గది వంటివి, వంటగదీ స్నానాల గదులూ కావు. నలుగురి కుటుంబానికి ఎప్పుడో వేసిన ట్యాంకు మీద ఆగస్టులో పదిహేను మంది అతిథులు పడితే ఏం జరుగుతుంది? నీళ్లు లోపల నిలిచే సమయం తగ్గిపోయి, చెత్త అడుక్కి చేరకుండానే నీటిని వడకట్టే ఇసుక పొరలోకి కొట్టుకుపోయి, పొర మూసుకుపోతుంది. అప్పుడు పచ్చిక మీద వాసన మొదలవుతుంది, అదీ సీజను నడిబొడ్డున. కొనకముందే డిజైన్ బ్యూరోతో మట్టి పరీక్ష చేయించి, కుటుంబం ప్లస్ 15 అని స్పష్టంగా చెప్పి లెక్క కట్టించుకోండి. రోజుకు 20 మంది సామర్థ్యం దాటితే వర్తించే నిబంధనలే వేరవుతాయి.

బావి నీళ్లు వాడుకోవచ్చా?

తోటకు వాడుకోండి. అతిథుల తాగునీటికీ వంటకూ స్నానానికీ అయితే ప్రిఫెక్టు (జిల్లాలో ప్రభుత్వ ప్రతినిధి) అనుమతి, నీటి పరీక్షలు కావాలి. ఊరి నీటి కనెక్షన్ ఉంటే దాన్నే వాడండి. ఆ పైపులనూ బావి పైపులనూ ఎక్కడా కలపకండి.

ఈతకొలను?

నేలలోకి దించి కట్టిన కొలనుకు నాలుగు రక్షణల్లో ఒకటి ఉండాలి: కంచె, అలారం, గట్టి మూత, లేదా మొత్తం కప్పే గూడు. వాటి ప్రమాణాలు వరసగా ఎన్‌.ఎఫ్. పి.90-306, 307, 308, 309. లేకపోతే 45,000 యూరోల దాకా జరిమానా పడొచ్చు. పిల్లలు వచ్చే చోట కంచె, మూత రెండూ పెట్టడం మేలు. అలారం అనేది పిల్లవాడు నీళ్లలో పడ్డాక మోగేది.

డబ్బిచ్చే అతిథులు దిగితే అది కుటుంబ కొలను కాదు. మేరీలో ప్రకటించాలి, ప్రాంతీయ ఆరోగ్య సంస్థ నిబంధనలు వర్తిస్తాయి. పి.హెచ్. 6.9 నుంచి 7.7 మధ్య ఉండాలి, అడుగు స్పష్టంగా కనబడాలి, కొలిచిన అంకెలు రోజూ పుస్తకంలో రాయాలి. ఆ పుస్తకం ఖాళీగా ఉంటే నీళ్లు ఎంత శుభ్రంగా ఉన్నా తనిఖీలో నిలబడరు.

రాత్రి భోజనం పెట్టొచ్చా? వైన్?

పెట్టొచ్చు. దీన్ని తాబ్ల్ దోత్ అంటారు. మన ఇంట్లో పంక్తిభోజనం ఎలాగో అలాగే: అందరికీ ఒకే మెనూ, ఒకే బల్ల, ఒకే వేళ, ఇంటివాళ్లతో కలిసి. బస చేసినవాళ్లకు మాత్రమే. పక్క ఊరి నుంచి భోజనానికి వచ్చిన జంటకు వడ్డిస్తే మీరు రెస్టారెంటు నడిపినట్టే. చిన్న బల్లలు విడివిడిగా వేసి మెనూ కార్డు ఇవ్వడం కూడా అంతే. శాకాహారికి వేరే కూర చేయడంలో ఇబ్బంది లేదు, కానీ ఎంచుకోవడానికి జాబితా ఉండకూడదు. 14 రకాల అలర్జీ పదార్థాల వివరం రాసి ఉంచాలి.

భోజనంతోపాటు వైన్, బీరు, సిడర్ పోయడానికి చిన్న రెస్టారెంటు లైసెన్సు, కోన్యాక్ లాంటి ఘాటు మద్యం కూడా పోయాలంటే పూర్తి రెస్టారెంటు లైసెన్సు కావాలి. రెండూ భోజనంతోనే. కొలను ఒడ్డున సాయంత్రం విడిగా గ్లాసు వైన్ అమ్మాలంటే మూడో రకం లైసెన్సు కావాలి, ఇక్కడే ఎక్కువమంది తప్పులో కాలేస్తారు. లైసెన్సుకు ముందు శిక్షణ తప్పనిసరి. షాంబ్ర్ దోత్ వాళ్లకు 7 గంటల ప్రత్యేక కోర్సు ఉంది, ఆ పత్రం పదేళ్లు చెల్లుతుంది. ఆ తర్వాత మేరీలో 15 రోజుల ముందు ప్రకటన ఇవ్వాలి. ఉదయం కాఫీ, పళ్లరసాలకు ఏ లైసెన్సూ వద్దు.

షాతోలో పెళ్లిళ్లు చేయించొచ్చా?

చేయించొచ్చు, కానీ అది షాంబ్ర్ దోత్ కిందికి రాదు. హాలు జనం వచ్చిపోయే సంస్థ అవుతుంది, దాని భద్రతా ఫైలు వేరు. 50 మందికి మించిన టెంటు వేస్తే సరఫరాదారు నుంచి టెంటు భద్రతా రిజిస్టరు పత్రం తీసుకోవాలి. మామూలుగా సంగీతం మోగించే చోటైతే ధ్వని ప్రభావ అధ్యయనం చేయించాలి. లోపల 15 నిమిషాల సగటు 102 డెసిబెల్స్ దాటకూడదు. పొరుగింటి దగ్గర పగలు మామూలు స్థాయి కంటే 5, రాత్రి 10 నుంచి ఉదయం 7 దాకా 3 డెసిబెల్స్ మించి పెరగకూడదు. అర్ధరాత్రి ముహూర్తానికి సన్నాయి, డోలు మోగించాలనుకునే కుటుంబం బుక్ చేసుకుంటే ఈ మాట ముందే చెప్పండి. హోమం చెక్క పైకప్పున్న హాల్లో కాదు, ఆరుబయటే.

పన్నులు?

అతిథి నుంచి తీసుకుని ఊరికి కట్టేది తాక్స్ ద సెజూర్: ఒక్కొక్కరికి, రాత్రికింత అని. రేటు ఊరు నిర్ణయిస్తుంది. 18 ఏళ్లలోపు వారికి లేదు. బుకింగ్ సైట్లు తమ ద్వారా వచ్చినవాళ్ల దగ్గర వసూలు చేస్తాయి, నేరుగా వచ్చినవాళ్ల లెక్క మీదే.

ఆదాయపు పన్నులో పెద్ద మార్పు వచ్చింది. ఇదివరకు సరళ పద్ధతిలో 1,88,700 యూరోల రాబడి దాకా 71 శాతం ఖర్చుల కింద తీసేసేవారు. 2025 ఆదాయం నుంచి పరిమితి 77,700, తగ్గింపు 50 శాతం. 40,000 యూరోల రాబడి మీద ఇదివరకు 11,600కు పన్ను కడితే, ఇప్పుడు 20,000కు కట్టాలి. షాతో ఖర్చులు మామూలుగా సగానికి మించే ఉంటాయి కాబట్టి అసలు ఖర్చులు చూపించే పద్ధతి ఇప్పుడు చాలామందికి లాభం, అకౌంటెంటు ఫీజు పోను కూడా. ఏడాదికి 760 యూరోల లోపు వస్తే పన్నే లేదు.

పన్ను పడే ఆదాయం 6,123 యూరోలు దాటితే స్వయం ఉపాధిదారుగా వసూలు సంస్థ ఉర్సాఫ్‌కు సామాజిక చందాలు కట్టాలి. రాబడి 85,000 యూరోలు దాటితే వ్యాట్ మొదలు: బసకు, భోజనానికి 10 శాతం, మద్యానికి 20.

షాతోను ఎస్‌.సి.ఐ. అనే కుటుంబ కంపెనీ పేరిట కొన్నవాళ్లు ఒక్క నిమిషం ఆగండి. ఆ కంపెనీయే అమర్చిన గదులు అద్దెకిస్తే అది కార్పొరేట్ పన్ను కిందికి జారుతుంది, అమ్మేటప్పుడు దెబ్బ తగులుతుంది. నోటరీ దగ్గర సంతకానికి ముందే ఈ మాట తేల్చుకోండి.

రోడ్డు మీద బోర్డు పెట్టొచ్చా?

ఇంటి గోడ మీద పెట్టొచ్చు. రక్షిత ప్రాంతంలో అయితే మేయరు అనుమతితో. ఊరి బయట దారి చూపే బోర్డులు మాత్రం 2015 జులై 13 నుంచి బసలకు నిషేధం. సందర్శకులకు తెరిచిన చారిత్రక కట్టడానికి ఆ వెసులుబాటు ఉంది. అప్పుడు కూడా బోర్డు షాతో సందర్శన గురించే ఉండాలి.

రసీదు, ధరల పట్టిక?

ధరలు బయట, లోపల కనబడాలి. 25 యూరోలు దాటిన ప్రతి అతిథికీ రసీదు ఇచ్చి, దాని నకలు రెండేళ్లు దాచాలి. వినియోగదారుల మధ్యవర్తి ఒకరితో ఒప్పందం చేసుకుని ఆ వివరాలు ప్రకటించాలి. చిన్నవాళ్లకు కూడా మినహాయింపు లేదు. గదుల్లో టీవీయో భోజనాల గదిలో సంగీతమో ఉంటే సంగీత హక్కుల సంస్థ సాసెమ్‌కు ఏటా రుసుము ఉంటుంది.

విదేశీ అతిథులకు పోలీసు ఫారం నిజంగా అవసరమా?

అవసరమే. ఫ్రెంచ్ పౌరులు కానివారందరూ, పక్కనున్న బెల్జియం వాళ్లు సహా, దిగిన రోజునే నింపి సంతకం చేయాలి: పేరు, పుట్టిన తేదీ, ఊరు, జాతీయత, ఇంటి చిరునామా, ఫోను, ఈమెయిలు, వచ్చే తేదీ, వెళ్లే తేదీ. 15 ఏళ్లలోపు పిల్లలను పెద్దవాళ్ల ఫారంలోనే రాయొచ్చు. ఆరు నెలలు దాచి, పోలీసులు అడిగితే ఇవ్వాలి. ఆ తర్వాత చించేయాలి. పాస్‌పోర్టు జిరాక్సు తీసి ఉంచుకోమని చట్టం చెప్పలేదు, అలా ఉంచుకుంటే వ్యక్తిగత సమాచార నిబంధనల కింద మీకే ఇబ్బంది.

హైదరాబాద్ నుంచి వచ్చే అతిథి వీసాకు కాగితం అడిగితే ఏం ఇవ్వాలి?

బుకింగ్ ధ్రువీకరణ ఇవ్వండి: పేర్లు, తేదీలు, చిరునామా, కట్టిన సొమ్ము, మీ సిరెట్ నంబరు. మేరీలో 30 యూరోలు కట్టి తీసుకునే ఆతిథ్య పత్రం మాత్రం బంధువులనో స్నేహితులనో ఉచితంగా ఇంట్లో ఉంచుకునేవాళ్ల కోసం. డబ్బిచ్చే అతిథి కోసం దాన్ని అడగకూడదు.

భారతీయ పౌరులు షాతో కొని ఇది నడపవచ్చా?

కొనడానికి అడ్డేమీ లేదు. కానీ ఇల్లు కొన్నంత మాత్రాన ఫ్రాన్స్ నివాస హక్కు ఇవ్వదు. "విజిటర్" వీసా మీద ఉన్నవాళ్లు ఏ వృత్తీ చేయబోమని హామీ ఇచ్చి వస్తారు కాబట్టి ఒక్క గది అద్దెకిచ్చినా హామీ తప్పినట్టే. కావలసింది వ్యాపారి, స్వతంత్ర వృత్తి రకం కార్డు. దానికి ప్రాజెక్టు నిలబడుతుందనీ, కనీస వేతనానికి తగ్గని ఆదాయం వస్తుందనీ లెక్కలతో చూపాలి. గదులేమో అయిదే, సీజనేమో వేసవి. అందుకే దరఖాస్తులో ఏ నెలకు ఎన్ని రాత్రులు నిండుతాయన్న పట్టికతోపాటు మురుగు ట్యాంకు, పైకప్పు ఖర్చులు కూడా కలిపి చూపించండి.